చెత్తని తిప్పడం శుభ్రం చెయ్యడం కాదు మహాప్రభో!

మన సాఫ్టువేరు జనాలకి ఒక జబ్బుంది. వారానికి పది నిమిషాలు పట్టే పనిని తప్పించుకోడానికి నాలుగు శనాదివారాలు తగలేసి ఆటోమేట్ చేస్తాం. ఆఫీసులో అయితే సరే, పోయేది క్లయింటు డబ్బులు. అదే తెలివి ఇంట్లో చేపల తొట్టి మీద చూపిస్తే పోయేది ప్రాణాలు.

చేపలు పెంచే మిత్రుల్లో ఎవర్ని కదిపినా ఒకటే మాట: "నేనే పైపులు బిగించి సర్క్యులేషన్ సిస్టమ్ చేశాను గురూ, ఇంక గులకరాళ్ళు కడిగే పనే లేదు". పీవీసీ పైపులకి బెజ్జాలు పెట్టి, పైన రాళ్ళు పరిచి, పంపు తగిలిస్తే తొట్టి తనంతట తనే శుభ్రపడిపోతుందట. నాకు ఒళ్ళు మండేది ఆ "తనంతట తనే" దగ్గరే.

అసలు లోపల జరిగేదేంటి? చేపల వ్యర్థాలూ, మిగిలిపోయిన మేతా కలిసి అమ్మోనియా అవుతాయి. రాళ్ళకి అంటుకుని బతికే బాక్టీరియా దాన్ని నైట్రైట్ గానూ, తర్వాత నైట్రేట్ గానూ మారుస్తుంది. మొదటి రెండూ కొంచెం ఉన్నా విషమే. మూడోది పేరుకుంటేనే ప్రమాదం. ఈ బాక్టీరియాకి ఆక్సిజన్ కావాలి కాబట్టి రాళ్ళ మధ్య నీళ్ళు పారుతుండాలి. పైపుల వల్ల మేలు ఇదే. మేలేనండోయ్, నేను కాదనట్లేదు. దశాబ్దాలుగా అండర్ గ్రావెల్ ఫిల్టర్ అంటున్నది దీన్నే.

మరి ఆ నైట్రేట్ ఎక్కడికి పోతుంది? మడ్డి ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోదు! నీళ్ళని కిందకి లాగితే మడ్డి రాళ్ళ సందుల్లోకీ, అక్కణ్ణుంచి పైపుల కిందకీ చేరుతుంది. ఫైళ్ళు రీసైకిల్ బిన్ లో పడేసి డిస్కు ఖాళీ అయిందనుకోవడం లాంటిదే ఇదీను.

"మేం రివర్స్ లో పెట్టాం" అంటారు ఇంకొందరు. పంపు మూతికి స్పాంజి తొడిగి నీళ్ళని కిందనుంచి పైకి తోస్తే మడ్డి రాళ్ళలోకి అంతగా దిగదు. నిజమే, ఇది కాస్త నయం. కానీ ఆ స్పాంజిని పిండేదెవరు? పక్కింటాయనా?

ఇక రెండో బ్యాచ్. కొట్టువాడు చెప్పాడని నెలకోసారి చేపల్ని బకెట్లో వేసి, రాళ్ళన్నీ తీసి కుళాయి కింద బరబరా తోమేస్తారు. మున్సిపాలిటీ నీళ్ళలో క్లోరిన్ ఉండేదే క్రిములని చంపడానికి. అది మంచి బాక్టీరియాని మాత్రం వదిలేస్తుందా? నడుస్తున్న ప్రొడక్షన్ సర్వర్ ని ఫార్మాట్ చేసినట్టు! కొత్త తొట్టిలో బాక్టీరియా కుదురుకోడానికే 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఈలోగా చేపలు తేలిపోతే "మా ఇంటికి చేపలు అచ్చిరావండీ" అని నిట్టూర్పు. కొందరైతే తొట్టి ఏ మూల ఉండాలో వాస్తు చూపిస్తారు. తప్పు మూలది కాదు బాబూ, కుళాయిది.

మరి ఏం చెయ్యమంటావ్ అంటారా? పైపులు ఉంచండి. బెజ్జాలు కిందవైపుకి పెట్టండి, రాళ్ళు దూరవు. ఇసక వద్దు, మూసుకుపోతుంది. 3-5 మిల్లీమీటర్ల రాళ్ళు రెండు మూడంగుళాల మందం చాలు. గాలి పంపుని నీటి మట్టానికి పైన పెట్టండి, లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్ళు వెనక్కి పాకుతాయి. గంటల తరబడి కరెంటు పోతే రాళ్ళలో బాక్టీరియాకీ ఊపిరాడదు, అందుకని బ్యాటరీ పంపు ఒకటి దగ్గరుంచుకోండి.

ఆ తర్వాత వారానికోసారి వెడల్పు మూతి గొట్టం రాళ్ళలో గుచ్చి మడ్డిని సైఫన్ తో లాగండి. ఒకేసారి మొత్తం కాదు, వారానికి మూడో వంతు చొప్పున. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో పట్టేది సుమారు 56 లీటర్లు. అందులో పావు వంతంటే 14 లీటర్లు, ఒక బకెట్! దాని బదులు క్లోరిన్ విరుగుడు చుక్కలు వేసిన నీళ్ళు పొయ్యండి. స్పాంజిని తీసేసిన ఆ పాత నీళ్ళలోనే పిండండి. అంతే, పది నిమిషాల పని.

దీనికి కూడా టైం లేదనేవాళ్ళు గోడకి చేపల పోస్టరు అంటించుకోండి, దానికి ఏ మెయింటెనెన్సూ అక్కర్లేదు.

కాదు, మా సిస్టమ్ అలాంటిది కాదంటారా? అయితే నీళ్ళు పైకొచ్చే నిలువు పైపులోకి సన్న గొట్టం అడుగుదాకా దింపి ఒకసారి సైఫన్ పెట్టి చూడండి. బకెట్లోకి వచ్చే నీళ్ళ రంగు చూశాక వాదించుకుందాం.