బల్ల దగ్గరకు వచ్చే ముందు



మన సంఘాలు చాలావాటిలో నెలకో ఆదివారం ప్రభురాత్రి భోజన సంస్కారం జరుగుతుంది. ఎవరిని వారు పరీక్షించుకోమని పాస్టరుగారు అనగానే కళ్లు మూసుకుంటాం. తాగామా, అబద్ధమాడామా, ప్రార్థన మానేశామా అని ఒక నిమిషం వెతుక్కుంటాం. ఆ ప్రశ్నలు అక్కర్లేదని మేము అనడం లేదు. కానీ పౌలు ఆ మాట ఏ సందర్భంలో రాశాడో తెలియాలంటే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయం మొత్తం చదవాలి.

అక్కడ విశ్వాసులు కలిసి భోజనానికి కూడేవారు. కలిగినవారు ముందే తినేసేవారు, లేనివారు ఆకలితో మిగిలేవారు. బీదలను అలా సిగ్గుపరచడం చూసి పౌలు మండిపడ్డాడు. ఆత్మపరీక్ష చేసుకోమన్నది ఆ గద్దింపులోనే. పక్కవాడి సంగతి వదిలేసి చేసుకునే పరీక్ష ఆయన అడిగింది కాదు.

మరి మన బల్ల మాటేమిటి? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు గురించి వేదికల మీద గట్టిగానే మాట్లాడతాం. షెడ్యూల్డ్ కులాల హోదా 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధ దళితులకు దక్కింది, క్రైస్తవ దళితులకు దక్కలేదు. ఇది అన్యాయమే, ఆ పోరాటం ఆగకూడదు. అయితే సభ ముగిశాక టీ తాగుతూ సంబంధం మాట వస్తే, "మీదే ఊరండీ? ఊళ్లో ఏ పేట?" అంటాం. ఆ రెండో ప్రశ్న దేనికో అడిగినవారికీ తెలుసు, విన్నవారికీ తెలుసు. మేమూ అడిగినవాళ్లమే.

మన తాతముత్తాతల్లో కోలారు బంగారు గనుల్లోకి దిగినవారున్నారు, ముంబై కామాఠీపుర చేరి ఇళ్లు కట్టే పని చేసినవారున్నారు. ఊరు విడిచి నాలుగు తరాలైన కుటుంబాలున్నాయి. పిల్లలు తెలుగు చదవడం మరిచిపోయారు. పేట పేరు మాత్రం మరవలేదు! మాలల గుడి, మాదిగల గుడి అన్న మాటలు మనతో పాటే రైలెక్కి వచ్చాయి. తిరుచిరాపల్లి మేలపుదూరు సమాధుల తోటలో కులాల మధ్య గోడ గురించి వింటే మనకు కోపం వస్తుంది. మన గోడకు ఇటుకలు లేవు, అంతే తేడా.

యౌవనస్థులారా, జక్కయ్య కథ చిన్నప్పుడే సండేస్కూలులో విన్నారు. అతడు ఏడ్చాడని లూకా రాయలేదు. ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. మనవి అయితే కూటాల్లో కన్నీళ్లతో మొదలై అక్కడే ఆరిపోతాయి. భారత కథోలిక బిషప్పుల సమాఖ్య 2016లో తమ సంఘంలో అంటరానితనం ఉందని రాతపూర్వకంగా ఒప్పుకుంది. అలా ఒప్పుకున్న కాగితం మన సంఘాల్లో ఎన్నిటి దగ్గరుంది? ప్రేమ విందు అయ్యాక గిన్నెలు తోమేది ఎప్పుడూ ఏ ఇళ్ల ఆడవాళ్లు? గుడి ఊడ్చే అక్కకు మనమిచ్చేదెంత?

ఇక మా లెక్క. మేము నడిపే వివాహ సమాచార దరఖాస్తులో "స్వగ్రామం, పేట" అనే గడి ఏళ్లుగా ఉంది. దాన్ని ఎవరో పెట్టి వెళ్లలేదు, మేమే పెట్టాం. వచ్చే నెల నుంచి తీసేస్తున్నాం. అలాగైతే సంబంధాలు కుదరవని ఇద్దరు పెద్దలు ఇప్పటికే చెప్పారు. కొన్ని కుదరకపోవచ్చు.