హార్వర్డ్‌ల మన పిల్లలకు ఏ అన్యాయం జరిగింది?

2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన నాడు మా దోస్తుల వాట్సాప్ గ్రూపుల ఒకటే సంబురం. కాలేజీ సీట్లల్ల జాతిని లెక్కల తీసుకునుడు ఇగ చెల్లదన్నది కోర్టు. న్యూజెర్సీ కెంచి ఒకాయన 'మెరిట్ గెలిచింది' అని పెట్టిండు. ఇంకొకాయన 'ఇండియాకు ఎప్పుడొస్తదో గీ తీర్పు' అన్నడు. గా రెండో మాట నాకు ముల్లు లెక్క గుచ్చుకున్నది.

ముందుగాల ఒకటి ఒప్పుకోవాలె. హార్వర్డ్‌ల ఆసియా పిల్లలకు అన్యాయం అయ్యింది. 2014ల పడ్డ కేసుతోటి లోపలి సంగతులు బయటికొచ్చినయ్. చదువుకు ఒక మార్కు, ఆటపాటలకు ఒక మార్కు, మనిషి గుణానికి ఇంకో మార్కు. దీన్ని 'పర్సనల్ రేటింగ్' అంటరు. చదువుల ముందున్న మనోళ్లు గీ గుణం మార్కుల కాడ ఎనకవడ్డరు. పిల్లలను ఎదురుంగ కూసోబెట్టుకొని మాట్లాడిన పూర్వ విద్యార్థులేమో వాళ్లకు తెల్ల పిల్లలతోటి దాదాపు సమానంగనే ఏసిన్రు. ఆఫీసుల కాయితాలు తిరగేసినోళ్లు తగ్గించిన్రు! కావాలని చేసినట్టు రుజువు కాలేదని రెండు కింది కోర్టులు అన్నయ్. కావాలని చెయ్యకుంటే మరింత భయం. బట్టీ పడ్తరు, నోరు తెరవరు, లెక్కలు తప్ప ఏం రాదు అనే బొమ్మ వాళ్ల మనసుల ముందే ఉన్నదన్నట్టు.

గీ ఇకమతు పాతదే. 1922ల హార్వర్డ్ ప్రెసిడెంట్ లోవెల్ యూదు పిల్లలను 15 శాతం కాడ ఆపాలని సూసిండు. బాహాటంగ కోటా కుదరలే. అటెన్క 'క్యారెక్టర్' అనే కొలబద్ద తెచ్చిన్రు. పని అయ్యింది.

అయితే కేసు నడిపించినాయన ఎవలు? ఎడ్వర్డ్ బ్లమ్. నల్లోళ్ల ఓటు హక్కుకు కాపలా ఉన్న చట్టాన్ని 2013ల బలహీనం చేసిన కేసు ఎనుక ఉన్నది గూడ ఈయనే. అంతకుముందు టెక్సస్ యూనివర్సిటీ మీద ఒక తెల్ల పిల్లతోటి కేసేపిచ్చిండు, ఓడిపోయిండు. తర్వాత మన పిల్లలు యాదికొచ్చిన్రు.

కోర్టుకొచ్చిన లెక్కలను ఆర్థికవేత్తలు తవ్వితే ఇంకో ముచ్చట ఎల్లింది. హార్వర్డ్‌ల సీటొచ్చిన తెల్ల పిల్లలల్ల 43 శాతం కంటే ఎక్కువ మంది ఆటల కోటావోళ్లు, అక్కడ చదివినోళ్ల బిడ్డలు, చందాలిచ్చినోళ్ల బిడ్డలు, పంతుళ్ల బిడ్డలు. ఆసియా పిల్లలల్ల గట్లాంటోళ్లు 16 శాతం గూడ లేరు. మన పిల్లగాని సీటు ఎటు పోయిందో ఇగ మీరే సూడుండ్రి. తీర్పు మాత్రం ఆ తలుపును ముట్టలే. మూసింది నల్లోళ్ల తలుపును.

తీర్పు తర్వాత ఎంఐటీల ఆసియా పిల్లలు 47 శాతానికి ఎక్కిన్రు, అంతకుముందు సగటున 13 శాతమున్న నల్ల పిల్లలు 5 శాతానికి పడ్డరు. అదే ఏడు యేల్‌ల ఆసియా పిల్లలే 30 నుంచి 24కు తగ్గిన్రు. సంబురం చేసినోళ్లు యేల్ లెక్క గ్రూపుల పెట్టలే.

ఇంకోటి. 'ఆసియావోళ్లు తెలివిగల్లోళ్లు' అనే మాట గూడ మోసమే. 1965 చట్టం తర్వాత అమెరికా మన తాన్నుంచి డాక్టర్లను, ఇంజనీర్లను ఏరుకొని తీస్కపోయింది. వడగట్టిన నీళ్లను సూసి చెరువంత గిట్లనే ఉంటదనుకుంటే ఎట్ల? యుద్ధంల పారిపోయొచ్చిన మోంగ్, కంబోడియా పిల్లలు గూడ గదే 'ఆసియా' డబ్బల ఉన్నరు. వాళ్ల గోస ఎవలకూ కానరాదు.

ఇగ ఇండియాకు గా తీర్పు రావాలన్న అన్న సంగతి. 2005ల మన సుప్రీంకోర్టు ప్రైవేటు కాలేజీలల్ల 15 శాతం దాక ఎన్నారై సీట్లకు ఒప్పుకున్నది. ఆయన మేనకోడలు గా సీటుల్నే డాక్టరు చదువుతున్నది. గ్రూపుల అడిగిన, 'గది ఏ మెరిట్ అన్నా?' అని.

'గది వేరే ముచ్చట తమ్మీ' అన్నడు.