తీగలతో సహా కొనవలసిన ఇంజను

ఢిల్లీలోని మాయాపురి, చెన్నైలోని పుదుపేట, కలకత్తాలోని మల్లిక్ బజారు, విజయవాడలోని ఆటోనగర్ పాత మోటారు సామానుకు పేరుపడిన చోట్లు. అంబాసిడర్ కారు ఇంజనును ఇటువంటి చోట పరీక్షించి చూడడం ఒకప్పుడు పెద్ద పని కాదు. దానిని ఇటుకలపై కుదురుగా నిలబెట్టి, బ్యాటరీ నుంచి ఇగ్నిషన్ కాయిల్‌కూ స్టార్టరుకూ తీగలు కలిపి, కార్బురేటరుకు సీసాతో పెట్రోలు అందిస్తే చాలు, మొరాయించకుండా తిరిగేది. కొనదలచినవాడు చెవి ఒగ్గి విని, పొగ రంగు చూసి, బేరం తెగ్గొట్టుకునేవాడు.

ఈ కాలపు పెట్రోలు కారు ఇంజను ఆ విద్యకు లొంగదు. పిస్టన్లు, వాల్వులు, బేరింగులు అన్నీ నిక్షేపంగా ఉన్నా, ఎంత తిప్పినా అది రగలదు. దోషం ఇనుములో లేదు. సుప్రీంకోర్టు ఆదేశం వల్ల 2000 ఏప్రిల్ నుంచి దేశ రాజధాని ప్రాంతంలో యూరో-2 కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. 2005 ఏప్రిల్ నుంచి వాటికి సమానమైన భారత్ స్టేజ్-2 దేశమంతటికీ వర్తించింది. పొగగొట్టంలోని ఉత్ప్రేరకం సక్రమంగా పనిచేయాలంటే ఒక పాలు పెట్రోలుకు బరువులో 14.7 పాళ్ళ గాలి చొప్పున కలవాలి. అంత కచ్చితమైన తూనిక కార్బురేటరుకు చేతకాలేదు. ఆ బాధ్యతను కంట్రోల్ యూనిట్ అనే చిన్న పెట్టె స్వీకరించింది.

ఆ పెట్టె ధృతరాష్ట్రుని వంటిది. తనకు చూపు లేదు. సంజయుడు ఏది చెబితే అదే యుద్ధం. ఇక్కడ సంజయులు పలువురు. వారినే సెన్సార్లంటున్నాము.

అందరిలోనూ ముఖ్యమైనది క్రాంక్ షాఫ్టు స్థానాన్ని తెలిపే సెన్సారు. చాలా ఇంజన్లలో షాఫ్టుతోపాటు ఒక పళ్ళచక్రం తిరుగుతుంది. 60 పళ్ళకు చోటుండగా రెండు పళ్ళను కావాలనే విడిచిపెట్టి, 58 మాత్రమే చెక్కడం ఒక ప్రసిద్ధ పద్ధతి. పక్కనున్న అయస్కాంతపు చుట్ట ముందు నుంచి ప్రతి పన్నూ సాగిపోయినప్పుడు చిన్న విద్యుత్ కెరటం పుడుతుంది. ఖాళీ వచ్చినచోట కెరటం ఆగుతుంది. ఆ ఖాళీని గుర్తుగా పట్టుకొని కంట్రోల్ యూనిట్ పిస్టన్ ఎక్కడున్నదో లెక్క కడుతుంది. నిమిషానికి 800 చుట్లతో నింపాదిగా తిరిగే ఇంజనులో సైతం సెకనుకు సుమారు 770 కెరటాలు! ఈ సెన్సారు తీగలు రెండింటినీ తారుమారు చేసి కలిపితే కెరటం తలకిందులై, లెక్క చెడి, నిప్పురవ్వ వేళ కాని వేళ పడవచ్చు. కెరటాలు అసలే రాకపోతే, తాళం తిప్పగానే రెండు మూడు సెకన్లు గుర్రుమన్న పెట్రోలు పంపు ఊరుకుంటుంది. ఇది చూసి పంపు చెడిందని దానిని మార్చే మెకానిక్కులు కోకొల్లలు.

తరువాతిది గాలి ఒత్తిడిని కొలిచే సెన్సారు. సాధారణంగా దీనికి మూడు తీగలు: ఒకటి 5 వోల్టులు తెస్తుంది, ఒకటి ఎర్తు, మూడవది వార్త మోస్తుంది. ఇంజను ఆగి ఉన్నప్పుడు ఇది చెప్పేది బయటి వాతావరణం ఒత్తిడినే. కాబట్టి ఒకే సెన్సారు సముద్రతీరాన ఒక అంకె, ఊటీ కొండమీద అంతకన్న తక్కువ అంకె చూపడం న్యాయమే.

ఉష్ణోగ్రత సెన్సారుది విచిత్రమైన స్వభావం. వేడెక్కిన కొద్దీ దాని నిరోధం తగ్గుతుంది: 20 డిగ్రీల వద్ద సుమారు 2,500 ఓములుండేది 80 డిగ్రీలకు 300 ఓముల దరిదాపులకు దిగే రకం విరివిగా వాడుకలో ఉంది. తీగ తెగితే నిరోధం అనంతం. అంటే వేసవి మధ్యాహ్నం షెడ్డులో చెమట కారుతున్నా, కంట్రోల్ యూనిట్‌కు అది హిమాలయాల చలిగా తోస్తుంది! కొన్ని యూనిట్లు ఈ అసంభవాన్ని పసిగట్టి ఊహించిన అంకెతో నెట్టుకొస్తాయి; మిగిలినవి పెట్రోలు కుమ్మరించి ప్లగ్గులను తడిపివేస్తాయి. సెన్సారు బదులు ఒక రెసిస్టరును అతికించి ఇంజనును నమ్మించే చిట్కా ఉన్నది గాని, అది ఎల్లకాలం ఒకే అబద్ధం చెబుతుంది. తెల్లవారుజామున స్టార్టు కాని ఇంజను వెనుక తరచు అటువంటి అబద్ధమే ఉంటుంది.

కారులో ఉన్నంతకాలం ఎవరి కంటా పడని ఎర్తు, ఇంజను స్టాండెక్కగానే సమస్య అవుతుంది. కారు శరీరమే విద్యుత్తుకు తిరుగుదారి కదా! ఆ శరీరం ఇప్పుడు లేదు. ఇంజను దిమ్మె నుంచి బ్యాటరీకి లావుపాటి కేబుల్ వేయాలి. సెన్సార్ల ఎర్తును కంపెనీవారి వైరింగ్ పటంలో ఉన్నట్టు యూనిట్‌కే చేర్చాలి. ఎర్తులో అర వోల్టు పోతే సెన్సార్లన్నీ సత్యవాదులై ఉండి కూడా దొంగసాక్ష్యం చెప్పినట్టవుతుంది.

ఇక్కడే తుక్కుబజారు అలవాటు ఒకటి ఇంజను ప్రాణం తీస్తున్నది. బండిని విడగొట్టేవారు రాగికోసం తీగల కట్టను కోసి, ఇంజనును ఒకరికి, కంట్రోల్ యూనిట్‌ను మరొకరికి అమ్ముతారు. కిలోల లెక్కన రాగికి వచ్చేది ఎంత? తీగలు తెగిన మంచి ఇంజను చివరకు ఇనుము ధరకు కరగబోవడం ఆ రాగి విలువకు ఎన్నో రెట్ల నష్టం. ఐ.టి.ఐ. విద్యార్థుల అభ్యాసానికో, మరొక కారుకో ఇంజను కొనేవారు తీగల కట్టను, కంట్రోల్ యూనిట్‌ను, అదే బండి తాళంచెవిని కలిపి అడగాలి. తాళంచెవి ఎందుకంటే అందులోని చిప్‌ను గుర్తించనిదే అనేక కార్లలో యూనిట్ ఇంజనును నడవనీయదు. ఇంజను నంబరు తాలూకు కాగితాలు చూడడం మరువరాదు. మరొక బండిలో బిగించాలంటే రవాణా అధికారి అనుమతి తప్పదు.

తొలిసారి నడిపేది ఆరుబయట కావాలి. మూసిన గదిలో పొగగొట్టం నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, అది ప్రాణం తీస్తుంది. అగ్నిమాపక సిలిండరు చేతికందేంత దూరంలో ఉండాలి. ఆక్సిజన్ సెన్సారుకు అప్పుడే తొందర లేదు. సుమారు 300 డిగ్రీలు వేడెక్కేదాకా అది నోరు విప్పదు. అందాకా ఇంజను తక్కిన సెన్సార్ల మాట మీదే నడుస్తుంది. కాసేపటికి మీటరు ముల్లు 0.1, 0.9 వోల్టుల నడుమ ఊగడం మొదలుపెడితే, ఆ సెన్సారు మేలుకొన్నదన్నమాట.