పది కిలోమీటర్ల న్యాయం

గాలి అందరిదీ అంటారు. పాఠాల్లో అలాగే రాశారు, మనమూ పిల్లలకు అలాగే చెప్పాం. కానీ ఈ దేశంలో గాలికి కూడా కిలోమీటర్ల లెక్క ఉంది. ఆ లెక్కలో మనం లేం.

1889లో ఇల్లందులో మొదలైన బొగ్గు తవ్వకం ఇప్పటికీ మన గోదావరి లోయలో ఆగలేదు. ఆ బొగ్గును మన పక్కనే, పాల్వంచలో, మణుగూరు దగ్గర కాలుస్తున్నారు. ఒక్క భద్రాద్రి ప్లాంటే 1,080 మెగావాట్లు. తీగలు నగరానికి పోతాయి, బూడిద మన ఇళ్ల మీద వాలుతుంది.

ఈ పొగలోని గంధక వాయువుకు 2015 డిసెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ హద్దు పెట్టింది. రెండేళ్లలో అమలు చేయమంది. గడువు మీద గడువు ఇచ్చుకుంటూ పోయింది. 2021లో ప్లాంట్లను మూడు రకాలు చేసింది. ఢిల్లీ ప్రాంతానికో, పది లక్షల జనాభా దాటిన నగరానికో 10 కిలోమీటర్ల లోపు ఉన్నవి మొదటి రకం. కాలుష్యం మితిమీరిందని ముందే గుర్తించిన చోట్లకు దగ్గరున్నవి రెండో రకం. మిగిలినవన్నీ మూడో రకం. 2025 జూలైలో, పొగగొట్టం ఎత్తు సరిపోతే చాలంటూ, మూడో రకానికి ఆ హద్దే ఎత్తేసింది. దేశంలో ఎక్కువ ప్లాంట్లు ఈ రకానివే.

పాల్వంచకు, మణుగూరుకు 10 కిలోమీటర్లలో పది లక్షల నగరం ఏదీ? మన ఊళ్లు చిన్నవి కావడమే మన నేరమా?

గాలిలో గంధకం ప్రమాణాల లోపే ఉంది, యంత్రాలు అక్కర్లేదు అన్నది సర్కారు వాదన. అక్కర్లేనిదైతే ఢిల్లీ పక్కన ఎందుకు ఉంచారు? అక్కరైనదే అయితే అడవి పక్కన ఎందుకు తీసేశారు? గొట్టం ఎత్తుగా ఉంటే పొగ మాయం కాదు, దూరం పోయి పడుతుంది. గంధక వాయువు సన్నని ధూళిగా మారి ఊపిరితిత్తుల లోపలికి దిగుతుంది.

పోనీ నగరానికి వలసపోతే ఆ రక్షణ దక్కుతుందా? అక్కడ మనవాళ్లకు దొరికేది సిమెంటు దుమ్ములో పని, రోడ్డంచున రేకుల షెడ్డులో నిద్ర. గాలి శుభ్రం చేసే మిషను లోపల గదిలో ఉంటుంది, కాపలా కాసేవాడు గేటు బయట ఉంటాడు.

ఊపిరితిత్తులకు ఊరూ పట్నం తేడా లేదు. స్వచ్ఛమైన గాలి జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. 10 కిలోమీటర్ల లోపువాళ్లకే అని చెప్పలేదు.

టీచర్లారా, ఈ మూడు రకాల లెక్కను నల్లబల్ల మీద రాసి పిల్లలతో చదివించండి. యువకులారా, గ్రామసభలో తీర్మానం పెట్టండి: ప్లాంటు చుట్టూ ప్రతి బడి దగ్గరా గాలిని కొలవాలి, ఆ లెక్కను పంచాయతీ గోడమీద తెలుగులో రాయాలి, మినహాయింపు రద్దు చేయాలి. కొలవని గాలిని మంచిగాలి అంటే ఇక మనం ఒప్పుకోం.