తవ్వుకున్నది ఉచితం కాదు

కొత్తగా చేరిన ఆటగాడు ముందుగా అడిగేది ఒక్కటే: ఏ రాయి తవ్వితే ఎక్కువ డబ్బు? ఐస్‌లాండ్‌కు చెందిన సీసీపీ గేమ్స్ 2003లో విడుదల చేసిన ఈవ్ ఆన్‌లైన్‌లో వేల మంది ఒకే విశ్వంలో ఆడతారు. అక్కడ ఎగిరే ఓడల్లో చాలా భాగం ఒక ఆటగాడు తవ్విన ఖనిజంతో మరొకరు తయారు చేసి అమ్మినవే. అందుకే ఆ ప్రశ్న చిన్నదేం కాదు. సూటి జవాబూ లేదు.

వెల్డ్‌స్పార్ చౌక రాయి. పోలీసు రక్షణ ఉన్న ప్రాంతాల్లోనూ దొరుకుతుంది. కానీ దాని నుంచి తీసే ట్రిటేనియం లేనిదే దాదాపు ఏ ఓడా తయారు కాదు. ఆర్కనార్, మెర్కాక్సిట్ లాంటి ఖరీదైన రకాల కోసం చట్టం లేని దూర ప్రాంతాలకు వెళ్లాలి. బలమైన కూటమి అండ లేకుండా ఒంటరిగా చిక్కితే ఓడా పోతుంది, సరుకూ పోతుంది. రక్షణ ఉన్నచోట మాత్రం పూర్తి భద్రత ఉందా? కాంకార్డ్ పోలీసులు దాడి చేసినవాణ్ని కూల్చేస్తారు తప్ప దాడిని ఆపరు. చవక ఓడను బలిపెట్టి ఖరీదైన ఓడను కూల్చే ముఠాలకు ఆ తేడా బాగా తెలుసు.

అసలు పరీక్ష ఓడ ఎంపికలో ఉంది. కవెటర్, రిట్రీవర్, ప్రొక్యూరర్ మూడింటిలో వేగంగా తవ్వేది కవెటర్. దాని గిడ్డంగి చిన్నది, కవచం పలచన. రిట్రీవర్ గిడ్డంగి పెద్దది. మాటిమాటికీ స్టేషన్‌కు తిరగక్కర్లేదు కాబట్టి వేరే పని చేసుకుంటూ ఓ కన్నేసి ఉంచేవారికి అనువైనది. ప్రొక్యూరర్ మొండిఘటం. తవ్వకంలో వెనకబడినా దెబ్బలకు తట్టుకుంటుంది. కాగితం మీద గెలుపు కవెటర్‌దే. అది ఒక్కసారి కూలిందంటే ఆ గెలుపు తారుమారవుతుంది.

చందమామల సంగతి వేరు. ఒకప్పుడు అక్కడ యంత్రాలు బిగిస్తే చాలు, ఖనిజం దానంతటదే వచ్చిపడేది. 2012లో టెక్నీషియం గనులున్న కూటములు ఒపెక్ తరహాలో జట్టుకట్టి ధర శాసించాయి. 2017లో సీసీపీ పద్ధతి మార్చింది. చంద్రుడి నుంచి లాగిన ముక్కను పేల్చాక ఆటగాళ్లే వచ్చి తవ్వుకోవాల్సి వచ్చింది. అంటే కూర్చుని తినే ఆదాయం పోయి, కూలీల అవసరం వచ్చింది.

ఇన్ని దారులున్నా చాలామంది తప్పటడుగు వేసేది ఒక్కచోటే. 'నేను తవ్వుకున్నదేగా, ఖర్చేముంది?' అనుకుంటూ సొంత ఖనిజంతో ఓడ కట్టి, ఆ ఖనిజం ధరకన్నా తక్కువకే అమ్మేస్తారు. రాయిని రాయిగా అమ్మినా అంతకన్నా ఎక్కువ మిగిలేది. సొంత పొలంలో ఇంటిల్లిపాదీ చేసిన శ్రమను ఖర్చులో రాసుకోని రైతు లెక్కా ఇలాంటిదే. మద్దతు ధరను సిఫార్సు చేసే కమిషన్ ఆ శ్రమకు విలువ కట్టేది అందుకే. గేమ్‌లో పొరపాటు చేస్తే పోయేది కొన్ని సాయంత్రాలే. పొలంలో అయితే బతుకే.