కాటా చెప్పని చెత్త

మీ ఊళ్ళో రోజుకు ఎంత చెత్త పుడుతుంది? మునిసిపాలిటీవారిని అడిగితే ఒక అంకె చెబుతారు. అది ఎలా వచ్చిందని కూడా అడగండి. చాలా చోట్ల అది డంపింగ్ యార్డు గేటు దగ్గర లారీలను కాటా వేసి రాసుకున్న లెక్క. అంటే అది పుట్టిన చెత్త కాదు, యార్డుకు చేరిన చెత్త. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల మన నగరాలు తప్పు పద్ధతులను మంచి పద్ధతులుగా లెక్కకడుతున్నాయని నా అభిప్రాయం.

ముందు అంచనా సంగతి చూద్దాం. మన దేశంలో చిన్న పట్టణాల్లో మనిషికి రోజుకు 200 నుంచి 300 గ్రాములు, పెద్ద నగరాల్లో 400 నుంచి 600 గ్రాముల చెత్త వస్తుందని ఇంజనీర్లు లెక్క వేస్తూ వచ్చారు. విజయవాడనే తీసుకోండి. 2011 జనాభా లెక్కల ప్రకారం నగర జనాభా సుమారు 10 లక్షలు. తలకు 450 గ్రాములు అనుకుంటే మొత్తం 450 టన్నులు. (కాల్‌క్యులేటరు తియ్యకండి, ఇది నోటిలెక్కే.) ఘనపు మీటరు చెత్త 500 కిలోలు తూగుతుందనుకుంటే 900 ఘనపు మీటర్లు. 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న తరగతి గదులు ఆరింటిని నేల నుంచి కప్పు దాకా నింపినా ఇంకా కొంత మిగులుతుంది. అదీ ఒక్క రోజు చెత్త!

తలకు 450 గ్రాములు అన్నది సరైనదేనా? దానికి మీ ఇంటి చెత్తనే తూచవచ్చు. ఒక స్ప్రింగు త్రాసు, ఒక సంచి చాలు. ఎనిమిది రోజులు తూచి మొదటి రోజు అంకె కొట్టెయ్యాలి, ఎందుకంటే అందులో అంతకుముందు రోజుల చెత్త కూడా కలిసి ఉంటుంది. మిగిలిన ఏడు రోజుల మొత్తాన్ని ఏడుతోనూ, ఇంట్లోవాళ్ళ సంఖ్యతోనూ భాగించండి. ఏడే ఎందుకంటే, ఆదివారం చెత్త మంగళవారం చెత్తలా ఉండదు. మేడలూ, పూరిళ్ళూ రెండూ లెక్కలోకి రావాలి. హోటళ్ళు, కూరగాయల మార్కెట్లు వేరే చూడాలి.

ఇళ్ళలో తూచిన లెక్కా, యార్డు లెక్కా ఎప్పుడూ కలవవు. పాత పేపర్లు, సీసాలు కొనేవాడికి పోతాయి. చిత్తుకాగితాలు ఏరుకునేవారు కొంత తీసుకుంటారు. కొంత ఆవులు తింటాయి, కొంత మూలమీద తగలబడుతుంది. ఏలూరు కాలవలో, బందరు కాలవలో పడ్డది ఏ కాటాకూ ఎక్కదు. మరోవైపు రోడ్డు ఊడ్చిన మట్టి, డ్రైనేజీ పూడిక, ఇల్లు పడగొట్టిన రాళ్ళు, వాన నీళ్ళు లారీ బరువును పెంచుతాయి. రెండు వైపులా తప్పులుండి అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే అంకె బాగున్నట్టు కనిపిస్తుంది. పరీక్షలో రెండు తప్పులు చేసి సరైన జవాబు రాసిన విద్యార్థిని నేను చాలాసార్లు చూశాను.

బరువొక్కటే తెలిసినా చాలదు. 1987లో ఢిల్లీలోని తిమార్‌పూర్‌లో రోజుకు 300 టన్నుల చెత్తను కాల్చి విద్యుత్తు తీసే కర్మాగారం కట్టారు. మన చెత్తలో తడీ మట్టీ ఎక్కువ, కాలితే వచ్చే వేడి తక్కువ. కొద్ది వారాలకే అది మూతపడింది. చెత్త ఎంత ఉందో చూశారు గాని, అందులో ఏముందో సరిగా చూడలేదు.

ఇక సేకరణ. వీధి మూలల్లో పెద్ద ఇనుప కుండీలు పెట్టి, నిండగానే బండి వచ్చి ఎత్తుకుపోయేది ఒక పద్ధతి. కుండీలో 4.5 ఘనపు మీటర్లు పడితే పై 900 ఘనపు మీటర్లకు 200 కుండీలు కావాలి. బండి రోజుకు ఐదు ట్రిప్పులు వేస్తే 40 బండ్లు చాలు. ఇంటింటికీ వెళ్ళే పద్ధతి చూడండి. లెక్క తేలిక కోసం చెత్తంతా ఇళ్ళ నుంచే వస్తుందనుకుందాం. ఇంటికి నలుగురు చొప్పున 550 ఇళ్ళ చెత్త 990 కిలోలు, అంటే ఒక ఆటో మోత. ఇంటికి అర నిమిషం ఆగినా నాలుగున్నర గంటలు పడుతుంది. ఒక్కో ఆటోకు ఉదయం పూట ఒక్క ట్రిప్పే. 450 ఆటోలు కావాలి.

నలభై బండ్లు ఎక్కడ, నాలుగువందల యాభై ఎక్కడ! కుండీలే చవక అనేవారు ఇక్కడే ఆగిపోతారు. కాని ఇంటి నుంచి కుండీ దాకా చెత్త మోసేది రెండున్నర లక్షల కుటుంబాలు. ఆ శ్రమ లెక్కలోకి రాలేదు. కుండీ దూరమైతే చెత్త పక్కనున్న ఖాళీ స్థలానికే పోతుంది. పైగా కుండీలో అన్నం, బ్లేడు, బ్యాటరీ, పసిపిల్లల డైపరు ఒకటైపోతాయి. వాటిని చేత్తో విడదీసేవారి చేతులు ఒక్కసారి చూడండి.

మన చెత్తలో దాదాపు సగం కుళ్ళేదే. గుమ్మం దగ్గరే తడి, పొడి వేరుగా తీసుకుంటే ఆ 225 టన్నులు యార్డు మొహం చూడనక్కరలేదు. ఎరువు గాని, గ్యాసు గాని అవుతాయి. ఇండోర్‌లో 2022 ఫిబ్రవరిలో రోజుకు 550 టన్నుల తడి చెత్త నుంచి గ్యాసు తీసే కర్మాగారం ప్రారంభమయింది. అక్కడి ఇళ్ళు తడి చెత్తను వేరుగా ఇస్తున్నందువల్లనే అది సాధ్యమయింది.

కాని చాలా నగరాల్లో కాంట్రాక్టరుకు టన్నుకింత అని చెల్లిస్తారు. అలాంటప్పుడు తడి చెత్త వేరు చేస్తే అతనికి నష్టం, వాన పడితే లాభం! నా మాట వింటే టన్నుకు కాక, తడి పొడి వేరుగా తీసుకున్న ఇంటికింత అని చెల్లించాలి. తనిఖీకి మనుషులు కావాలి, ఖర్చు పెరుగుతుంది, నిజమే. యార్డుకు పోయే లారీలు తగ్గుతాయి గనుక అందులో కొంతయినా తిరిగి వస్తుంది.

మీ తరగతిలో ఇరవై ఇళ్ళు తూచి ఊరికి ఎంతవుతుందో కట్టండి. దాని పక్కన మునిసిపాలిటీ అంకె రాయండి. తేడా ఎటు పోయిందో వెతకడానికి బయలుదేరేటప్పుడు ముందు కాలవ గట్టుకు వెళ్ళండి.