పసుపుపచ్చని వెండి కారు

హైదరాబాదు పాతనగరములోని చౌమహల్లా ప్రాసాదమునకు పోవువారు దర్బారు మందిరమును, అందలి దీపగుచ్ఛములను చూచిన పిదప ఒక పసుపుపచ్చని మోటారుకారు ఎదుట తప్పక ఆగుదురు. అది 1912 నాటి రోల్స్‌రాయిస్. ఇంజనును, చట్రమును డర్బీలో రోల్స్‌రాయిస్ వారు నిర్మింపగా, పై కట్టడమును లండనులోని బార్కర్ సంస్థవారు సమకూర్చిరి. వెనుకభాగమున సింహాసనమువలె ఎత్తుగా అమర్చిన ఆసనము దానికి ప్రత్యేకశోభ. దానిని కోరి చేయించుకొన్నవాడు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్. కాని 1911 ఆగస్టులోనే ఆయన కన్నుమూసెను. కారు హైదరాబాదు చేరునాటికి గద్దెపైనున్నవాడు ఆయన కుమారుడు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. కోరినవాడు ఎక్కలేదు, ఎక్కగలవాడు ఉత్సవవేళలందు తప్ప ఎక్కలేదు. 1947 నాటికి ఆ కారు తిరిగినది 400 మైళ్ళకు లోపే. హైదరాబాదునుండి విజయవాడకు ఒకసారి పోయివచ్చినచో ఇంచుమించు ఆ దూరము తీరిపోవును.

ఈ జాతి కారునకు ‘సిల్వర్ గోస్ట్’ అని పేరు. వెండి భూతమని తెలుగు చేసికొనవచ్చును. పసుపురంగు కారునకు వెండి పేరేమని చూపరులు విస్తుపోవుట సహజము. 1907లో కంపెనీ కార్యనిర్వాహకుడు క్లాడ్ జాన్సన్ ఒక కారునకు వెండివన్నె పూయించి, దాని నిశ్శబ్దగమనమునుబట్టి ఆ పేరు పెట్టెను. ఏఎక్స్ 201 అను నంబరుగల ఆ కారును ఆ ఏడాదియే లండను, గ్లాస్గో నగరముల నడుమ రాత్రింబవళ్ళు పలుమారులు నడపిరి. రాయల్ ఆటోమొబైల్ క్లబ్బువారి పరిశీలకులు కూర్చుండి చూచుచుండగా అది 15,000 మైళ్ళు పరుగెత్తినది. పిదప దానిని ఊడదీసి పరీక్షించి, అరిగిన భాగములను మార్చుటకు అయిన వ్యయమును లెక్కించగా రెండు పౌండ్లకు కొంచెము పైబడినదట! ఒక్క కారునకు దక్కిన ఆ పేరు క్రమముగా ఆ నమూనాకంతకును వ్యాపించినది. దాని కీర్తి పరుగువలన వచ్చినది. మన నగరములోని దాని సోదరి కీర్తియో, పరుగెత్తకుండుటవలన వచ్చినది.

ఈ కార్ల వెనుకనున్న మనుష్యుని కథ రాజప్రాసాదములలో ఆరంభమైనది కాదు. హెన్రీ రాయిస్ 1863లో పీటర్‌బరో సమీపమున ఆల్వాల్టన్ అను పల్లెలో ఒక పిండిమర నడుపువాని యింట జన్మించెను. మర దివాలా తీసినది; తండ్రి చనిపోయెను. పదేండ్లయినను నిండని పిల్లవాడు వార్తాపత్రికలమ్మెను, తంతివార్తలు మోసెను. చదువుకొన్నది నామమాత్రము. ఒక బంధువురాలి ధనసహాయముతో రైల్వే కర్మాగారమున పని నేర్చుకొనుటకు చేరినను, ఆమె వద్ద సొమ్ము చెల్లిపోగానే మూడేండ్లకే అదియు ఆగిపోయినది. 1884లో తాను కూడబెట్టిన 20 పౌండ్లతో, క్లేర్‌మాంట్ అను మిత్రుని భాగస్వామ్యమున, మాంచెస్టరులోని కుక్ వీథిలో ఒక చిన్న విద్యుత్పరికరముల కార్ఖానా పెట్టెను. తరువాత తాను కొన్న డెకావిల్ అను ఫ్రెంచి కారు తీరు నచ్చక, అంతకంటె మేలైనదానిని చేయవలెనని పూనుకొని, 1904లో తన మొదటి కారును రోడ్డుపైకి తెచ్చెను. ఇతరులు చేసిన వస్తువును తెచ్చి, దానియందలి లోపముల నొక్కొక్కదానినే దిద్దుకొనుచు పోవుటయే అతని విద్య. 1930లో బారనెట్ బిరుదము లభించిన పిమ్మట కూడ అతడు తనను మెకానిక్కుగానే చెప్పుకొనెడివాడని ప్రతీతి.

చార్లెస్ రోల్స్ దీనికి పూర్తిగా వేరు. ప్రభువంశీయుడు, కేంబ్రిడ్జి పట్టభద్రుడు, లండనులో విదేశపు కార్లనమ్ము వ్యాపారి. స్వదేశమున అంతటి మేలైన కారు దొరకదేయని అతనికి వెలితిగా నుండెను. 1904 మే 4వ తేదీన మాంచెస్టరులోని మిడ్‌ల్యాండ్ హోటలులో ఆ ఇరువురును కలిసికొనిరి. రాయిస్ చేసిన కార్లనన్నిటిని రోల్స్ అమ్ముటకు ఒడంబడిక కుదిరి, 1906లో కంపెనీ ఏర్పడినది. చేసినవానికంటె అమ్మినవాని పేరు ముందు వచ్చుట లోకములో క్రొత్త కాదు! రోల్స్ 1910 జూలైలో బోర్న్‌మత్‌లో విమానము కూలి, 32 ఏండ్ల వయసుననే మరణించెను. నిజాము కారు పనివారి చేతికి వచ్చునాటికి అతడు లేడు. పేరు మాత్రము చెక్కు చెదరక నిలిచినది.

ఆ కారులోని ఘనత ఏమి? ఆ దినములలో ఆరు సిలిండర్ల ఇంజనులనగా నిర్మాతలకు గుండెదడ. పొడవైన క్రాంకు కడ్డీ తిరుగునప్పుడు మెలిపడి అదురును. అదరగా అదరగా ఒక్కొక్కప్పుడు విరుగును. రాయిస్ ఆ కడ్డీని దిట్టముగా చేసి, ఏడు బేరింగులపై నిలిపి, దానికి ఒత్తిడితో నూనె అందు ఏర్పాటు చేసెను. సిలిండర్లను మూడేసి చొప్పున రెండు దిమ్మెలుగా పోతపోయించెను. నిప్పురవ్వ పుట్టించుటకు ఒకటి చెడినను మరియొకటి పనిచేయునట్లు రెండు వ్యవస్థలను పెట్టెను. మన కారు వచ్చిననాటి ఇంజను పరిమాణము 7,428 ఘనపు సెంటీమీటర్లు. నేటి చిన్నకార్ల ఇంజనులారింటిని కలిపినంత. వీనిలో దేనినిగాని ఇతరులెరుగనిదని చెప్పజాలము. ఎరిగియు ఇంత ఓపికతో చేసినవారు అరుదు. గ్రీకు దేవాలయమును తలపించు రేడియేటరు అంచులు కంటికి నిటారుగా కనబడుటకై, వానిని రవ్వంత వంపుతో చేతిపనివారే తీర్చెడివారు.

రాజుల పొగరును వర్ణించు కథ యొకటి మన దేశమున ఈ కార్లను విడువకున్నది. లండను దుకాణములో అవమానము పొందిన మహారాజొకడు రోల్స్‌రాయిస్‌లు కొని చెత్త యెత్తించెననునది ఆ కథ. ఒకరు అల్వర్ అందురు, ఒకరు పటియాలా అందురు, మరియొకరు హైదరాబాదే అందురు. ఊరునకొక రాజును మార్చుకొను కథకు చరిత్రలో చోటు లేదు. దానిని చెప్పి నవ్వుకొనువారు రాయిస్ పత్రికలమ్మిన కథను కూడ చెప్పినచో మేలు.

చౌమహల్లా ప్రాసాదము ఈ శతాబ్దారంభమున జీర్ణోద్ధారము పొందినది. 2010లో యునెస్కోవారి ప్రశంసను కూడ అందుకొన్నది. చిరకాలము మూలబడియున్న ఈ కారును కూడ బాగుచేసి సందర్శకుల ఎదుట నిలిపిరి. ఇట్టి పని ఎంత కష్టమో చూపరులకు తెలియదు. తిరుగని బండి తిరిగిన బండికంటె వేగముగా చెడును. నూనె బంకయగును, తోలు ఎండి పగులును, కొయ్యను చెదలు తినును, మాగ్నెటో తీగచుట్టలకు చెమ్మ పట్టును. బాగుచేయువానికి అసలు పరీక్ష అప్పుడే వచ్చును. పాత తోలును తీసివేసి తళతళలాడు క్రొత్తది వేయుట సులభము. ఉన్నదానిని ఉన్నంతవరకు నిలుపుట కష్టము. మెరుపునకు మురిసి పాతదానినంతయు మార్చివేసినచో మిగులునది 1912 నాటి వస్తువు కాదు, దాని వేషము.

ఇది కేవలము రుచిభేదము కాదు. 1950కి పూర్వము తయారైన కార్ల ఎగుమతిపై మన దేశము ఆంక్షలు విధించినది. కనుక ఉన్నవానిని కాపాడు బాధ్యత మనదే. 2021లో కేంద్రప్రభుత్వము 50 ఏండ్లు దాటిన వాహనములకు ‘వీఏ’ అక్షరములతో ప్రత్యేక రిజిస్ట్రేషను కల్పించినది. చట్రము, కట్టడము, ఇంజను మార్పు చెందక మూలరూపమున నుండవలెనని నియమము. మంచిదే. కాని మూలరూపమేదో నిర్ణయించుటకు ఆధారమేది? సిల్వర్ గోస్ట్‌లలో అనేకము పాత కట్టడమును తీసివేసి క్రొత్తది వేయించుకొన్నవే. ఏ భాగము నాటిది, ఏది నేటిది, ఎవరు మార్చిరి అను వ్రాతలేనిచో నియమము కాగితముమీదనే యుండును.

ఇంగ్లండులో ఆ వ్రాతలు నిలిచినవి. కంపెనీ మాత్రము నిలువలేదు. జెట్ ఇంజను వ్యయము మోయలేక 1971లో దివాలా తీసినది. ఆపై విమానపు ఇంజనులు, కార్లు వేరుపడినవి. 1998లో కార్ల విభాగము కూడ చీలి, క్రూ నగరపు కర్మాగారము జర్మనీకి చెందిన ఫోక్స్‌వాగన్‌కు, రోల్స్‌రాయిస్ పేరు బీఎండబ్ల్యూకు దక్కినవి. 2003నుండి ఆ పేరుగల కార్లు గుడ్‌వుడ్‌లో తయారగుచున్నవి. అన్ని చేతులు మారినను ఒక పాత కారు చట్రము ఏనాడు వెలువడినదో, ఎవరికి పోయినదో నేటికిని వెదకి చెప్పగలుగుచున్నారనిన అందుకు కారణము ఆనాటి గుమాస్తాల చేవ్రాతలే.

మన దేశమున ఇట్టి కార్లను బ్రతికించుచున్నది ముఖ్యముగా పేరులేని మేస్త్రీలు. విడిభాగము దొరకనిచో దానిని చూచి, కొలిచి, లేతుమీద క్రొత్తదానిని తీయగలవారు. వారి విద్య గురువునుండి శిష్యునకు నోటిమాటగానే పోవుచున్నది, శిష్యులు తగ్గుచున్నారు. పారిశ్రామిక శిక్షణాలయములలో ఈ పనికొక చిన్న శాఖనైనను తెరచుట ప్రభుత్వమునకు భారము కాజాలదు. మ్యూజియములవారు చేయదగినది ఇంకను తక్కువ ఖర్చుతో కూడినది: పునరుద్ధరింపబడిన ప్రతి కారు ప్రక్కను, కొన్న రాజు పేరుతోపాటు, మార్చిన భాగముల పట్టికను, వానిని చేసిన మేస్త్రీల పేర్లను వ్రాసి పెట్టవలెను.